చోళపురం దారిలో రాని మిల్లు

1938లో రాజపాళయానికి కొత్త నూలుమిల్లు రప్పించడానికి ఏర్పడిన కమిటీకి నన్ను కార్యదర్శిగా వేశారు. అంతకు ముందు మదురైలో ఒక వకీలు దగ్గర క్రయపత్రాలు రాసే గుమాస్తాను. కమిటీలో అధ్యక్షుడూ సభ్యులూ ఊరి పెద్దింటి రాజులు. జీతం తీసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. చోళపురం వైపు తోటలున్న నాయకర్లు మావాళ్ళు కాబట్టి, భూమి అడగడానికి వాళ్ళ గడప తొక్కగలవాడని నన్ను ఎంచుకున్నారు.

బయటి కంపెనీ వచ్చి ముందు చూసేవి పత్తి, కరెంటు, రైలు, నీళ్ళు. మొదటి మూడూ మాకున్నాయి. ఎండాకాలంలోనూ ఇంకని బావి ఉన్న నేల మాత్రం, చోళపురం దారి పక్కన, వెంకటసామి నాయకర్‌ది ఒక్కటే. రక్తసంబంధం లేకపోయినా వరసకు నాకు మామ. ఎద్దులతో కపిల తోలి, బావినీళ్ళతో మిరప, వరి పండించేవాడు. ఇద్దరు కొడుకులకూ ఆ తోటే ఆధారం.

కోయంబత్తూరు నుంచి కంపెనీ ఏజెంటు వచ్చాడు. మా పొరపాటు అక్కడే మొదలైంది. ఆయన తెలుగు మాట్లాడాడు. తరాలుగా అరవదేశంలో బతుకుతున్న మాకు, మావాళ్ళ మధ్య తప్ప తెలుగు వినిపించదు. ఆఫీసర్లు ఇంగ్లీషులో అడుగుతారు, వ్యాపారులు అరవంలో. ఈయన చావడిలో కూర్చుని మజ్జిగ తాగి, "మా అవ్వ ఇంట్లో తాగినట్లే ఉండాది. మనమంతా ఒకే బాసవాళ్ళం, మనలో మనకేం దాపరికం?" అన్నాడు.

"వీని తెలుగు మనదానికంటే బాగుండాది. పిల్లనిచ్చేద్దామా?" అని ఒక పెద్దాయన అందర్నీ నవ్వించాడు.

భూమి ముందుగా శుద్ధ క్రయంగా, అంటే ఏ షరతూ లేకుండా, కంపెనీ పేర రిజిస్టరు కావాలన్నది వాళ్ళ పద్ధతి. మామ రెండు అడిగాడు. కొడుకులకు మిల్లులో పని ఇవ్వాలి, మిల్లు రాకపోతే అదే ధరకు భూమి తిరిగివ్వాలి. ఏజెంటు అందరి ముందూ ఆకువక్క తీసుకుని సరేనన్నాడు. మా చావడిలో ఆకువక్క అందుకున్నాక ఇచ్చిన మాటకు కాగితం అడగడం అవమానించడమే.

మర్నాడు మామ నా దగ్గరకు వచ్చాడు.

"తంబీ, తిరిగిచ్చే మాట పత్రంలో ఎక్కించినావా?"

దానికి తిరుగు క్రయపు ఒడంబడిక అని వేరే పత్రం రాసి, క్రయపత్రంతోపాటే రిజిస్టరు చేయించాలి. వకీలు దగ్గర అలాంటివి ఎన్నో రాశాను. అయినా ఇలా అన్నాను:

"ఆకువక్క తీసుకొని మన బాసలో మాటిచ్చిన మనిషిని పట్టుకొని పత్రం అడిగేదా మామా? ఊరి పరువు పోతాది."

"పరువు చావడిలో కూర్చున్నోళ్ళది. బావి నాది గదా."

"నేను లేనా?"

"నువ్వుండావనే వేలిముద్ర వేస్తా ఉండాను, పో."

నాలో పనిచేసింది నమ్మకం ఒక్కటే కాదు. కాగితం అడిగితే ఏజెంటు కోపగించి ఇంకో ఊరికి పోతాడని అధ్యక్షుడు భయపడ్డాడు, నేనూ భయపడ్డాను.

భూమి చేతులు మారింది. చుట్టూ కంచె పడింది. తర్వాత యుద్ధం వచ్చింది. ఇంగ్లండు నుంచి యంత్రాలు రావడం లేదని కంపెనీ రాస్తే నమ్మాం. ఇంతలో అదే కంపెనీ, బొంబాయిలో మూతబడిన మిల్లు యంత్రాలు కొని, వేరే ఊళ్ళో తన మిల్లును పెంచింది. నేను కోయంబత్తూరు వెళ్ళాను. ఈసారి ఏజెంటు అరవంలోనే మాట్లాడాడు. మా క్రయపత్రం చూపించి, మీరివ్వకపోతే మిల్లు అక్కడికి పోతుందని బేరమాడితేనే ఆ ఊరివాళ్ళు భూమి ఉచితంగా ఇచ్చారని, దాచకుండా చెప్పాడు. మాటిచ్చారు కదా అన్నాను. కాగితం ఉందా అని అడిగాడు. మామకు భూమి కావాలంటే ఇప్పటి ధరకు కొనుక్కోవచ్చట. ఆ ధర మామ పుచ్చుకున్నదానికి ఎన్నో రెట్లు.

కమిటీని మూసేటప్పుడు చివరి నివేదిక నేనే రాశాను. చావడి పెద్దలు మోసపోయారని రాయకూడదని అధ్యక్షుడు చెప్పాడు. "భూయజమాని అధిక ధర ఆశించడం వల్ల మిల్లు తప్పిపోయింది" అని రాశాను. ఊరు ఈనాటికీ అదే చెప్పుకుంటోంది. మామ కొడుకుల్ని టీ అంగడిలో చూసి, "మిల్లును తరిమినోని బిడ్డలు" అనేవారు.

మామకు కంపెనీ ఆ కంచె లోపలే కావలి పని ఇచ్చింది. ఒకసారి అటు పోతే, బావిలో నీళ్ళు చేది చెంబు నా చేతికిచ్చాడు.

"తాగు తంబీ. ఇప్పుడు కంపెనీ నీళ్ళు, అయినా రుచి అదే." చెంబు తిరిగి అందుకుంటూ, "నేను ధర ఎక్కువ అడిగినానని రాసినావంట. ఎంత అడిగినానని రాసినావు?" అన్నాడు.

"అంకె వేయలేదు మామా."

"వేసుండాల్సింది. ఎంత ఆశపడినానో నేనూ తెలుసుకొందును."

వెంకటసామి నాయకర్ ధర పెంచలేదు. పత్రం అడిగాడు. రాయడం తెలిసిన నేను రాయలేదు. పైగా తప్పు ఆయన మీద రాశాను. ఆ నివేదిక చదివినవాళ్ళు దీన్ని కూడా చదవాలి.

ఊరికి పరిశ్రమ తెచ్చే పనిలో ఉన్నవాడు, ఆ పరిశ్రమ రాకపోతే భూమి ఇచ్చినవాడి గతేమిటో ముందు రాయించాలి. తర్వాతి ఉద్యోగాల్లో ప్రతి క్రయపత్రంతోనూ తిరుగు ఒడంబడిక రాయించాను. దానికి కోపగించి లేచిపోయిన కంపెనీ ఒక్కటీ లేదు.