మట్టయ్యకు తెలిసిన నీడ

మిర్యాలగూడ రైసుమిల్లులో ముప్పై ఏళ్లుగా బస్తాలు మోస్తున్న మట్టయ్యకు మెడ పైకి లేవదు. మనుషులను చెప్పులను బట్టి గుర్తుపడతాడు, వానను నేల మీద పడ్డ మొదటి చుక్కను బట్టి తెలుసుకుంటాడు. ఇందులో అతనికి లోటేమీ కనబడలేదు. మిల్లు మీదుగా హెలికాప్టర్ పోతే తోటి హమాలీలంతా తలలెత్తి చూసేవారు. అతడు మాత్రం వడ్లు ఆరబోసిన కళ్లం మీద జారిపోయే నీడను చూసి, "పోయింది" అని మళ్లీ బస్తా కింద వీపు పెట్టేవాడు. విశాఖపట్నంలో నర్సుగా చేరిన కూతురు దీవెనను చూడటానికి వెళ్లినప్పుడు, ఆ ఊరంతా పైనుంచి చూపించే హెలికాప్టర్ ఎక్కుదాం రమ్మని ఆమె అంటే మొండికేశాడు.

"మెడ లేవనోడు ఆకాశంల ఏం జూస్తడు బిడ్డా? నువ్వు పోయిరా."

"అయితే నేను గూడ ఎక్క నాయినా."

ఆ మాటకు ఎక్కాడు. బెల్టు పెట్టించుకుని, మోకాళ్లు గట్టిగా పట్టుకుని, చాలాసేపు తన పాదాలనే చూస్తూ కూర్చున్నాడు.

"కిందికి సూడు నాయినా," అంది దీవెన.

కిందికి చూడటం అతనికి కొత్త కాదు. ఓడలు, కొండ మీది ఇళ్లు, ఒడ్డుకు వచ్చి విరిగే అలలు, అన్నీ అతని మెడ వంగిన వైపే ఉన్నాయి. ఇసుక మీద బాగా తెలిసిన నీడ ఒకటి పరుగెడుతోంది. అద్దం మీద వేలు పెట్టి దాని వెంటే జరిపాడు.

"గా నీడల మనమే ఉన్నం గదా," అన్నాడు మెల్లగా.

నెల తర్వాత కళ్లం మీదుగా మళ్లీ ఆ నీడ జారింది. హమాలీలంతా తలలెత్తారు. మట్టయ్య బస్తా దించి, వంగినవాడు వంగినట్టే, నేల మీది నీడకు చెయ్యి ఊపాడు.