నాయనమ్మ కీర్తన, కుళాయి లెక్క

నా చిన్నప్పుడు మా నాయనమ్మ గుండె బాగాలేదన్న సంగతి డాక్టరు కంటే ముందు మా ఇంటి కుళాయి చెప్పింది. ఈ మాట అంటే మా పిల్లలు నవ్వుతారు, కుళాయికి నోరుందా అంటారు. నోరు లేదు గానీ లెక్క ఉంది. ఆ లెక్క చదవడం వచ్చిన మనిషి ఒకరు మా ఇంట్లో ఉండడం మా అదృష్టం.

మా తాతయ్య యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో నీటి ప్రవాహం గురించి పాఠాలు చెప్పేవారు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం మాది. సెలవుల్లో ఆయన నన్ను వెంటబెట్టుకుని క్యాంపస్ లోపలి దారిన ల్యాబుకు తీసుకెళ్ళేవారు. అక్కడ ఒక పాత మీటరు నిమిషానికి ఇన్ని గాలన్లని చూపించేది, కొత్తది సెకనుకు ఇన్ని లీటర్లనేది. పేపర్లో ప్రాజెక్టుల వార్తలేమో క్యూసెక్కుల్లో వచ్చేవి. ఒకే నీళ్ళకు ఇన్ని పేర్లేమిటని నాకు ఒళ్ళు మండేది. తాతయ్య నవ్వి, "పైన నీళ్ళు, కింద కాలం, అంతేనమ్మా. ముందు పైది మార్చు, తర్వాత కిందది మార్చు. రెండూ ఒకేసారి పట్టుకున్నావో, రెండూ జారిపోతాయి" అనేవారు. గాలనంటే సుమారు నాలుగున్నర లీటర్లు, నిమిషమంటే అరవై సెకన్లు. అలా విడివిడిగా మారిస్తే ఎంత మొండి లెక్కయినా లొంగేది.

ఇంట్లో మాత్రం ఈ పాఠాలేవీ చెల్లేవి కావు. మా నాయనమ్మది వేరే శాస్త్రం. పొద్దున్నే వాకిట్లో కుళాయి కింద ఇత్తడి బిందె పెట్టి, పక్కన పీట వేసుకుని, చర్చిలో పాడే కీర్తన ఒకటి అందుకునేది. నాలుగు చరణాల కీర్తన, సన్నటి ధార. ఆఖరి చరణంలో ఆఖరి మాటకు వచ్చేసరికి బిందె అంచుదాకా నిండేది. ఆవిడ కళ్ళు మూసుకునే పాడేది, అయినా ఒక్క చుక్క ఒలికేది కాదు. కీర్తనకొక బిందె, అదీ ఆవిడ కొలత. అలాంటి కొలత ఏ పుస్తకంలోనూ లేదని తాతయ్య ఏడిపిస్తే, "మీ గడియారానికి రోజూ కీ ఇవ్వాలి. నా కీర్తనకు అక్కర్లేదు" అనేది.

నాకది మహా సరదాగా ఉండి, దాన్ని కూడా మార్చి చూశాను. బిందెకు పదహారు లీటర్లు పడతాయి. తాతయ్య గడియారం పెట్టి చూస్తే చరణానికొక నిమిషం, మొత్తం కీర్తనకు నాలుగు నిమిషాలు. అంటే నిమిషానికి నాలుగు లీటర్లు, గంటకు రెండు వందల నలభై. ఆ లెక్క చెప్పిన రోజు తాతయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకున్నంత పని చేశారు. నాయనమ్మ మాత్రం, "ఇన్నాళ్ళూ నేను చెప్పిందీ అదేగా" అని మూతి తిప్పింది.

తర్వాతి వేసవిలో ఒకనాడు, నాలుగో చరణం ఇంకా ఎత్తుకోకముందే బిందె నిండి పొర్లింది. నాయనమ్మ కళ్ళు తెరిచి, దేవుడు మన మీద దయ చూపించాడని సంబరపడింది. మర్నాడూ అంతే. ఎండాకాలంలో నీళ్ళు పెరగడమంటే తార్నాకలో మాటలా? నేను వెంటనే లెక్క కట్టాను. మూడు చరణాలకే బిందె, అంటే మూడు నిమిషాలు. గంటకు రెండు వందల నలభై కాస్తా మూడు వందల ఇరవై అయిపోయింది!

ఈ శుభవార్త ముందు పక్కింటి అక్కకు చెప్పాను. వాళ్ళది నల్లగొండ దగ్గర పల్లె, కుళాయిని నల్లా అనేది. నా మాట వింటూనే గోడ మీంచి తల ఎత్తి, "ఏందే, మీ నల్లా ఒక్కటే ఖుషీగ ఉన్నదా? మాకైతే ఎప్పటి లెక్కనే సన్నగ వస్తున్నది. ఇద్దరిదీ ఒక్కటే పైపు గదా!" అంది. మా అదృష్టం చూసి కుళ్ళుకుంటోందని తీర్మానించుకుని తాతయ్య దగ్గరికి పరిగెత్తాను. నా లెక్కతో పాటు అక్క మీద చాడీ కూడా చెప్పాను.

తాతయ్య గడ్డం గీసుకుంటున్నారు. భేష్ అంటారని నేను ఎదురుగా నిలబడ్డాను. ఆయన సగం మొహాన నురగతోనే గడియారం అందుకుని వాకిట్లోకి నడిచారు. నాయనమ్మ రెండో బిందె పెట్టి పాడుతోంది. ఆయన బిందె వైపు చూడనే లేదు. ఒకసారి గడియారం, ఒకసారి ఆవిడ మొహం చూస్తూ నిలబడ్డారు. అప్పుడు నేనూ విన్నాను. చరణం మధ్యలో ఆవిడ ఆగుతోంది, ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంటోంది. రోజూ చెవిన పడే పాట కదా, ఆ ఖాళీలు ఇంట్లో ఎవ్వరికీ వినబడలేదు. పాడే ఆవిడకే తెలియలేదు. మూడు చరణాలయ్యేసరికి బిందె నిండింది. గడియారంలో నాలుగు నిమిషాలు.

"నీళ్ళు పెరగలేదమ్మా," అన్నారు తాతయ్య నాతో మెల్లగా. "పైది ఎప్పటిలాగే ఉంది. నువ్వు కిందది చూసుకోలేదు."

ఆసుపత్రికి వెళ్దాం, చీర మార్చుకోమంటే నాయనమ్మ వినలేదు. నాకేమైందండీ, గుండ్రాయిలా ఉన్నాను, ఇంకా మూడు బిందెలు పట్టాలని గునిసింది. తాతయ్య వంగి కుళాయి కట్టేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని లేపారు. అందరి ముందూ ఆయన అలా ఆవిడ చెయ్యి పట్టుకోవడం మేమెప్పుడూ చూడలేదు. ఆవిడ పీట అక్కడే వదిలేసి ఆయన వెంట నడిచింది.

ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. గుండె అలిసిపోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే తమ చేతుల్లో ఉండేది కాదని పెద్ద డాక్టరు చెప్పారట. ఇంటికి వచ్చాక బిందె ముట్టకూడదన్నారు. ఇక పొద్దున్నే తాతయ్యే పీట వేసుకుని అదే కీర్తన పాడుతూ నీళ్ళు పట్టేవారు. ఆయన రాగానికి బిందె ఎక్కడ నిండుతుందో దేవుడికే తెలియాలి, వాకిలంతా మడుగే. లోపల మంచం మీద నుంచి నాయనమ్మ నవ్వాపుకోలేక తప్పులు దిద్దుతుండేది. నా పెళ్ళిలోనూ ఆవిడ ఆ కీర్తన పాడింది, మధ్యమధ్య ఆగి, తీరిగ్గా. మాలో ఎవ్వరం గడియారం చూడలేదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. అదే తార్నాకలో మేం కూడా ముసలివాళ్ళమయ్యాం. పొద్దున్నే మా ఆయన, నేను క్యాంపస్‌లో నడకకు వెళ్తాం. ఏళ్ళ తరబడి నడుస్తున్న దారే. మొన్న సగం దూరంలో ఆయన ఒక చెట్టుకు చెయ్యి ఆనించి, "ఈ మధ్య ఈ రోడ్డు పొడుగైనట్టుందోయ్" అని నవ్వారు.

నేను నవ్వలేదు. ఆయన చెయ్యి పట్టుకుని గేటు దాకా మెల్లగా నడిపించి, ఆటో ఆపి, ఇంటికి కాదు, విద్యానగర్‌లో డాక్టరు దగ్గరికి పోనిమ్మన్నాను.