మూతపెట్టని అప్పలకొండ

అప్పలకొండకి మూసి ఉన్నదేదైనా కంటబడితే తెరిచేదాకా నిద్ర పట్టదు. మళ్లీ మూసే పాపాన మాత్రం పోడు. ఆవకాయ జాడీ, బీరువా, పొరుగింటి గేటు, ఏదైనా ఒకటే. జోరువానలో యలమంచిలి బస్సెక్కి, పక్కాయన మూసుకున్న కిటికీని బరబరా లాగేస్తాడు.

"ఏటయ్యా ఇది?" అని పక్కాయన తల తుడుచుకుంటుంటే, "ఊపిరాడాల గదా బాబూ!" అంటాడు.

ఓ రాత్రి కోళ్లగంప ఎత్తేసి పడుకున్న పుణ్యానికి పెట్టలన్నీ బావురుపిల్లి పాలయ్యాయి. భార్య సీతాలు నెత్తి కొట్టుకుంది.

"నీ సేతులకి గొళ్లెం ఎయ్యాల!"

"లోపలున్నోడు తెరుసుకోలేడే. బయటున్నోడే తెరవాల."

ఇంత మహానుభావుడూ తెరవనిది ఒక్కటే, డాక్టరిచ్చిన బీపీ మాత్రల డబ్బా. "ఎన్నాళ్లు బతికి ఎవుర్ని ఉద్ధరించాల?" అంటాడు.

ఈమధ్య నాతవరం దగ్గరున్న అతని జీడితోటలో ఓ ఆడ రాబందు సోలిపోయి పడింది. ఒకప్పుడు ఎద్దు చస్తే రాబందులతో ఆకాశం నల్లబడేది. పశువులకి పొడిచే నొప్పిమందు ఆ కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల్ని తుడిచిపెట్టేసింది. ఇప్పుడు చచ్చిన గొడ్డుకి కుక్కలే దిక్కు. అప్పలకొండ ఆ రాబందుకి నీళ్లు పట్టి, మాంసం ముక్కలు పెట్టి నిలబెట్టాడు. రేపో మాపో ఎగురుతుందనగా ఫారెస్టు ఆఫీసరు కళావతి బోనుతో సహా జీపు దిగింది.

"మా రాబందుల పెంపకం కేంద్రానికి తీసుకెళ్తామండీ. అక్కడో మగది ఉంది. పిల్లలు పుడితే ఎప్పటికైనా అడవిలో వదుల్తాం."

"బోనులో పుట్టినదానికి ఆకాసం ఎవుడు సూపిత్తాడమ్మా? వదిలియ్యండి, పోద్ది."

"ఎక్కడికండీ? బయట దీనికి జతే లేదు. మందు పొడిచిన గొడ్డుని తిందంటే ఇదీ పోతుంది."

"బోనులో పెడితే దీని జాతి బతుకుద్దని రాసిత్తారా?"

"లేదండీ," అంది కళావతి మెల్లగా. "అక్కడ పెట్టిన గుడ్లన్నీ పిల్లలవ్వవు."

అప్పలకొండ మొహం వాడిపోయింది. రాబందుని బోనులోకి ఎక్కించారు గానీ గడియ సరిగా పడలేదు. అతను అటు నడిచేసరికి సీతాలు కేకేసింది.

"ఓలమ్మో, తెరిసేత్తాడు! బేగి పట్టుకోండి!"

అతను గడియ నొక్కి వేశాడు. కాపరానికొచ్చాక అతను ఒకటి మూయడం సీతాలు చూడ్డం అదే మొదలు. పాపం, ఆవిడకి ఏడుపొచ్చేసింది.

"మూసింది నేను," అన్నాడు కళావతితో. "దీని పిల్లల్ని వదిలిననాడు తలుపు నేనే తెరవాల. కబురెట్టండమ్మా."

"చాలా ఏళ్లు పడుతుందండీ."

"పట్నీ."

ఆ సాయంత్రం ఎవరూ పోరకుండానే బీపీ మాత్రల డబ్బా తెరిచాడు. రోజూ బుద్ధిగా వేసుకుంటున్నాడు. మూత పెట్టడం మాత్రం ఇప్పటికీ సీతాలు పనే.