ఆరు కోర్లు, అరవై రెండు డిగ్రీలు, మా చిన్న మావయ్య

నిన్న పొద్దున్న ఏడున్నరకి, మేము ఇంతకుముందు ఉన్న టికియాపారా నుంచి ఫోన్. చిన్న మావయ్య గారి పక్కింటి బెంగాలీ ఆవిడ. "బౌదీ, కాకు ఇక లేరు" అంది. వదినా, బాబాయి ఇక లేరని. నిద్రలోనే పోయారట.

నాకు అర్థమైంది. అయినా రెండోసారి చెప్పించుకున్నాను.

ఆదివారమే కదా ఆయనతో మాట్లాడింది. గదిలో వేడి 32, కంప్యూటర్ ప్రాసెసర్ 57 అన్నారు. రాసుకున్నాను కూడా.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఆయన మా వారికి సొంత చిన్నాన్న. రైల్వేలో పట్టాల గ్యాంగులో చేరి, అదే గ్యాంగుకి మేస్త్రీగా రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు.

రిటైరయ్యాక చాందినీ మార్కెట్ నుంచి ఒక పాత కంప్యూటర్ మోసుకొచ్చారు. ఆరు కోర్ల ప్రాసెసర్. కంపెనీ పెట్టిన స్పీడు 2.8 గిగాహెర్ట్జ్. సెట్టింగులు మార్చి దాన్ని ఇంకా వేగంగా నడపొచ్చని ఏదో వీడియోలో చూశారు. ఓవర్‌క్లాకింగ్ అంటారు. చిక్కల్లా వేడితోనే. స్పీడు పెరిగితే వేడి పెరుగుతుంది, ఆ చిప్‌కి హద్దు అరవై రెండు డిగ్రీలు.

ఇంట్లో అందరూ నవ్వారు. దాని మీద చాయ్ కాస్తావా చిన్నాన్నా అని మా వారు. కాసినా నీకియ్యన్రా అని ఆయన.

నేను నవ్వలేదు. గ్యాస్ బండ ఏ రోజు పెట్టాం, వాటర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చాం, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకునే మనిషిని. అది చూసే నా దగ్గరికొచ్చారు.

"కోడలా, నాను పెంచుతాను, నువ్వు రాయి."

అప్పట్లో మేము అదే బిల్డింగ్‌లో పై అంతస్తులో ఉండేవాళ్ళం. వంట అయ్యాక కిందికి దిగేదాన్ని. రోజుకి ఒక్క మెట్టు పెంచేవారు. గంటసేపు ఆరు కోర్లకీ ఫుల్ పని ఇచ్చేవారు. పది నిమిషాలకోసారి నేను టెంపరేచర్ రాసేదాన్ని.

రెండు మెట్లు ఒకేసారి ఎక్కితే తొందరగా అయిపోతుంది కదా అన్నాను ఒకసారి.

"ఇరిగితే ఏ మెట్టు కాడ ఇరిగిందో తెల్దు కదమ్మా" అన్నారు.

జనవరి ఆఖరుకి 3.6కి చేరాం. ఫుల్ లోడ్‌లో 55 డిగ్రీలు. టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పుకున్నారు. అక్కడ ఆయన పేరే "త్రీ పాయింట్ సిక్స్ దాదా" అయిపోయింది.

మే వచ్చింది. మా అమ్మాయి తులసికి ఆర్కిటెక్చర్ ఫైనల్ ఇయర్. తను డిజైన్ చేసిన బిల్డింగ్ వీడియో రెండర్ చేసి ఇవ్వాలి, కంప్యూటర్ గంటల తరబడి ఫుల్‌గా పనిచేస్తేనే అయ్యే పని. లాప్‌టాప్ వల్ల కాలేదు. తాతయ్య మెషీన్ మీద పెట్టింది. సబ్మిషన్‌కి ఇంకా నాలుగు రోజులు.

ఇరవై నిమిషాలకి మెషీన్ దానంతటదే ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఆగింది. మూడుసార్లు.

ఈసారి ఇవ్వకపోతే ఒక ఏడాది పోతుంది. తులసి ఏడవలేదు. లాప్‌టాప్ మూసేసి బ్యాగులో పెట్టేసింది. నాకు అదే భయం వేసింది.

మావయ్య గారు ఫ్యాన్ తుడిచారు. కూలర్ విప్పి, చిప్ మీద వేడిని లాగే పేస్ట్ బియ్యపు గింజంత కొత్తగా పెట్టారు. లాభం లేదు. మార్కెట్ మెకానిక్ ఫోన్‌లోనే చెప్పేశాడు, చిప్ అయిపోయిందని.

"నానే సంపీసినాను" అన్నారు మెల్లగా.

నేను పైకెళ్ళి నోట్‌బుక్ తెచ్చాను. ఆయన అడగకపోయినా, అలవాటుకొద్దీ నేను అప్పట్లోనే ఇంకో కాలమ్ కూడా రాసి పెట్టాను. గదిలో వేడి.

జనవరిలో గది 19. ఆ రోజు 36. తేడా పదిహేడు. 55కి అది కలిపితే 72. హద్దు అరవై రెండే.

"చిప్ బాగానే ఉంది మావయ్య గారూ. మనం చలికాలంలో సెట్ చేశాం, అంతే" అన్నాను.

ఆయన ఆ పేజీ మీద రెండు కాలమ్‌లూ వేలితో వరసగా చూసుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు.

"ముప్పయ్యారేళ్ళు పట్టాల మద్దిన గ్యాప్ కొలిసినోణ్ణి. సలికాలంలో పట్టా ఏస్తే ఎండలకి సాగుద్ది, సోటు ఒగ్గాలి అని గ్యాంగంతటినీ తిట్టినోణ్ణి. దీనికి ఒగ్గలేదమ్మా."

వెంటనే 3.2కి దించేశారు. వోల్టేజ్ కూడా తగ్గించారు. కంప్యూటర్ డబ్బా పక్క డోర్ ఊడదీసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టారు. ఫుల్ లోడ్‌లో 58. హద్దుకి ఇంకా నాలుగు డిగ్రీలు.

రెండర్ దాదాపు రెండు రోజులు నడిచింది. ఒక్కసారీ ఆగలేదు. తులసి ఒక రోజు ముందే సబ్మిట్ చేసింది.

నాకు గర్వం ఆ 3.6 గురించి కాదు. మర్నాడు ఆయనే టీ కొట్టుకి వెళ్ళి, ఇప్పుడు త్రీ పాయింట్ టూ, తప్పు నాదే, కోడలు పట్టుకుంది అని చెప్పి వచ్చారు. చదువు లేని మనిషి అని ఆయన్ని తేలిగ్గా చూసినవాళ్ళు మా బంధువుల్లో ఉన్నారు. ఇంత పద్ధతిగా పనిచేసే ఇంజనీర్ని నేను ఇంకొకర్ని చూడలేదు.

అప్పటినుంచి నా నోట్‌బుక్‌లో మూడో కాలమ్ వచ్చింది. గ్యాప్, అంటే అరవై రెండుకి ఇంకా ఎన్ని డిగ్రీలు ఉందో.

తులసికి న్యూ టౌన్‌లో ఉద్యోగం వచ్చి మేము ఇటు మారాం. తాతయ్యకి కొత్త కంప్యూటర్ కొనిస్తానంది. దీనికి నా సెయ్యి అలవాటు, వద్దన్నారు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి అంకెలు చెప్పేవారు. వాటి వెనకాల ఇంటి కబుర్లు.

నిన్న మేము వెళ్ళేసరికి మెషీన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. అన్నీ అయ్యాక తులసి దాని ముందు కూర్చుంది. "అమ్మా, రాసుకో" అంది.

గది 31. ప్రాసెసర్ 44. గ్యాప్ 18.

రాశాను. తర్వాత తులసే షట్ డౌన్ చేసింది.

మీ డ్యూటీ అయిపోయింది మావయ్య గారూ. నోట్‌బుక్ నా దగ్గర భద్రంగా ఉంటుంది.

ఏ వేడీ తగలని చోట నిశ్చింతగా పడుకోండి.