వంగనీడన కనకాంబరం

మంచినీళ్ల ట్యాంకరు మా వీధికి రోజు మార్చి రోజు వస్తుంది. మొన్న శుక్రవారం ఉదయం వచ్చినప్పుడు డ్రైవరు పైపు చేత్తో పట్టుకుని ఎదురింటి నీలం డ్రమ్ము దగ్గర నిలబడిపోయాడు. "సార్, మేస్త్రి పోయినాడంట. సూళ్లూరుపేటలో, కూతురింట్లో. మద్దేనానికి ఈడికే తెస్తా ఉండారు" అన్నాడు. పైపు డ్రమ్ము వైపు తిప్పి, "మరి ఈ డ్రమ్ము నింపేదా, వద్దా?" అని అడిగాడు. నింపమన్నాను. ఆ డ్రమ్ములో నీళ్లు ఎప్పుడూ మేస్త్రి కోసం కావు, ఆయన వాకిట్లోని మొక్కల కోసం. మొక్కలు ఉన్నాయి కదా.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండడు. మైపాడు వైపు ఫైబర్ పడవ ఉన్నవాళ్లకి మాత్రం తెలియకుండా ఉండదు. పడవ అడుగు రాయికి తగిలి పగిలినా, ఎండకి బీటలు వారినా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. తండ్రి కొయ్యపడవలు కట్టిన మనిషి. కాలం మారాక ఈయన ఫైబర్ పని నేర్చుకున్నాడు. నలభై ఏళ్లు ఆ ఘాటు వాసన పీల్చి, ఆయాసం పట్టుకుని, ఇక వద్దని డాక్టరు చెబితే మానేశాడు. నేను ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదకొండేళ్లుగా ఆయన ఎదురింట్లో అద్దెకుంటున్నాను. ఆయన నన్ను అయ్యోరా అనేవాడు, నేను మేస్త్రీ అనేవాణ్ణి. పేర్లతో మాకెప్పుడూ పని పడలేదు.

నేను ఆ ఇంట్లో దిగిన వారంలోనే ఒక ఆదివారం చూశాను. చేపలకి ఐసు వేసి లారీల్లో పంపే తెల్లటి థర్మాకోల్ పెట్టెలు, అంచులు విరిగి పారేసినవి, వాకిట్లో పరుచుకుని డ్రిల్లుతో చిల్లులు పెడుతున్నాడు. చుట్టూ నాలుగు పిల్లులు, లోపల చేపలున్నాయేమోనన్న ఆశతో. ఏం చేస్తున్నారని అడిగాను.

"నలభై ఏండ్లు చిల్లులు పూడ్చినా అయ్యోరా, పడవలోకి నీళ్లు రాకుండా. ఇప్పుడు నీళ్లు పోవాలని చిల్లులు పెడతా ఉండా. ఆ లెక్క ఈ లెక్క సరిపోతుందిలే" అన్నాడు.

చిల్లు పెట్టేది కూడా అడుగున కాదు. పక్కన, రెండు వేళ్ల ఎత్తున. అడుగున పెడితే పోసిన నీళ్లన్నీ ఇసకలోకి పోతాయట. ఎత్తున పెడితే కాసిని లోపలే నిలుస్తాయి, కింద పరిచిన కొబ్బరి పీచు వాటిని దాచిపెడుతుంది, వేరు తనకి కావలసినప్పుడు తాగుతుంది. రంగు డబ్బాలు, రసాయనం డ్రమ్ములు ఊరికే దొరికేవి. వాటిని వాకిట్లోకే రానిచ్చేవాడు కాదు. "ఆ కంపు నేను పీల్చింది చాలు, వంకాయకి కూడా ఎందుకు" అనేవాడు. సముద్రానికి అంత దగ్గర్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి. ఆ నీళ్లు పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. నేల చూస్తే ఒట్టి ఇసక. అలాంటి చోట, ట్యాంకరు నింపిపోయే ఒక్క డ్రమ్ముతో ఆయన ఎనిమిది గజాల వాకిట్లో వంగ, మిరప, తోటకూర, పుదీనా పండించాడు. పండించడమే కాదు, వీధిలో పోయేవాళ్లు నిలబడి చూసేటట్టు పండించాడు. ఎందుకంటే ఏ పెట్టెలోనూ ఒంటి మొక్క ఉండేది కాదు. తినేదాని పక్కన పూసేది ఉండి తీరాలి.

ఈ పద్ధతి ఆయన ఎక్కడా చదివి నేర్చుకోలేదు. మొగుడూ పెళ్లాల తగువులోంచి పుట్టింది. ఆ కథని ఇద్దరూ చెరో రకంగా చెప్పేవాళ్లు. నాకు అర్థమైనది ఇదీ: ఆమె పుట్టింటికి వెళ్లి నాటు కనకాంబరం నారు తెచ్చుకుంది. ఉన్న నీళ్లు వంగకే చాలడం లేదని ఈయన గొణిగాడు. "పూలు కూరొండుకుంటామా?" అన్నాడు. "వంకాయలు తల్లో పెట్టుకుంటామా?" అని ఆమె. రెండు రోజులు మాటల్లేవు. మూడోనాడు ఈయన చెంబుతో వంగపెట్టె దగ్గరికి వెళ్తే, వంగమొక్క మొదట్లో నాలుగు కనకాంబరం నారుమొక్కలు గుచ్చి ఉన్నాయి. పోస్తే రెండింటికీ పొయ్యాలి, మానేస్తే రెండింటికీ మానెయ్యాలి. పోశాడు.

"నన్ను గెలిచింది అయ్యోరా. ఒక చెంబు నీళ్లు, రెండు ప్రాణాలు" అని చెప్పి నవ్వేవాడు. ఆమె లోపల్నించి, "ఓడిపోయింది ఇన్నాళ్లకి ఒప్పుకున్నాడు, రాసి పెట్టుకోండి సార్" అనేది.

ఓడిపోయినవాడు ఊరుకోలేదు. పనివాడు కదా, ఎందుకు బాగుందో చూశాడు. వంగాకు నీడలో కనకాంబరం మండుటెండకి వాడలేదు. కనకాంబరం ఆకులు మట్టిని కప్పేసి, పోసిన నీళ్లు త్వరగా ఆరిపోకుండా కాశాయి. ఆపైన మిరప పక్కన బంతి వచ్చింది, తోటకూర పెట్టె అంచున నాచుపూలు వచ్చాయి. ఏది ఎక్కడ పెట్టాలో నాకు పడవ భాషలో చెప్పేవాడు. "పొడుగుది మద్దెలో కూచోవాల. పొట్టివి పక్కన. పాకేది అంచు పట్టుకోని ఏలాడాల. అందరూ ఒక పక్కకే చేరినారనుకో, వాలిపోతుంది." సముద్రపు గాలి తగిలే వైపు ఎప్పుడూ బంతినే పెట్టేవాడు. అది మొండిదట, తిట్టు తినగలదట.

ఎవరికైనా వంకాయలు ఇస్తే పైన రెండు కనకాంబరాలు పెట్టి ఇచ్చేవాడు. ఒకసారి తొందరలో నేను కాయలు మాత్రం సంచీలో వేసుకుని గేటు దాటుతుంటే వెనక్కి పిలిచాడు. ఆయాసంతో రొప్పుతూ వచ్చి రెండు పూలు తెంపి పైన పెట్టాడు. "ఒట్టి కూరగాయలు ఇచ్చేదానికి నేనేమన్నా అంగడి పెట్టినానా?" అన్నాడు. మా ఆవిడ ఆ పూలు కూర తరిగేదాకా తల్లో పెట్టుకునేది కాదు. ముందు కాసేపు పళ్లెంలో చూసుకునేది. ఎందుకని అడిగితే, ఆయన ఇచ్చినట్టే ఉండాలి కదా అనేది.

ఆమె, అంటే మేస్త్రి భార్య, ఆరేళ్ల కిందట పోయింది. అప్పటికి వంగ రెండుసార్లు మారింది కానీ ఆమె చేత్తో నాటిన కనకాంబరాలు అలాగే గుబురు కట్టి ఉన్నాయి. ప్రతి శుక్రవారం నమాజుకి వెళ్తూ ఒక గుప్పెడు పూలు రుమాల్లో మూటకట్టుకునేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఖబరస్తాన్‌లో ఆమె సమాధి మీద చల్లి వచ్చేవాడు. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. ఖాళీ రుమాలు దులుపుకుంటూ రావడం చూసి నేనే తెలుసుకున్నాను.

ఇక నేను చేసిన పని చెప్పాలి. చెప్పకుండా ఈ నాలుగు మాటలూ రాయడం న్యాయం కాదు.

ఆమె పోయిన మరుసటి ఎండాకాలం ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. కూతురు సూళ్లూరుపేట తీసుకెళ్లి మూడు వారాలు కదలనివ్వలేదు. మొక్కలు నాకు అప్పగించాడు. నేను ఆత్మకూరు వైపు వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. మా నాన్న పొలంలో వరి తప్ప ఏది మొలిచినా కలుపే. దానికి తోడు లెక్కల మాస్టర్ని, నాకు దేన్నయినా వరసలో పెట్టందే తోచదు. మేస్త్రి తిరిగి వచ్చేసరికి తోట దిద్దినట్టు ఉండాలనుకున్నాను. వంగ మొదట్లోంచి కనకాంబరాలన్నీ పెకలించి మూడు వేరే పెట్టెల్లో వరసగా నాటాను. కూరగాయలు ఒక పక్క, పూలు ఒక పక్క. చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ వారమే ట్యాంకరు రెండుసార్లు రాలేదు. డ్రమ్ము అడుగంటింది. ఉన్న మంచినీళ్లు వంగకి పోసి, పూలే కదా అని కనకాంబరాలకి బోరు నీళ్లు పోశాను.

మూడో వారానికి అవి కట్టెలయ్యాయి. ఒక్క చిగురు లేదు.

ఆయన ఆటో దిగి, నల్ల కళ్లద్దాలు తీసి, ఆ మూడు పెట్టెల ముందు చాలాసేపు నిలబడ్డాడు. "నీళ్లు చాల్లేదా అయ్యోరా?" అన్నాడు చివరికి.

"వంగకి చాలాయి" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది. పిల్లల ముందు బోర్డు మీద తప్పు చేసినప్పుడు కూడా నేను అంత సిగ్గుపడలేదు. ఆయన భార్య చేతి మొక్క అది. అలాంటిది ఇంకొకటి ఈ లోకంలో లేదని నాకు తెలుసు. క్షమించమని కూడా అడగలేకపోయాను.

ఆయన తిట్టలేదు. చచ్చిన కొమ్మల చివర పూలు రాలిపోయి మిగిలిన ఎండు కంకుల్ని ఒక్కొక్కటే తుంచాడు. నన్ను గట్టుమీద కూర్చోబెట్టి వాటిని నా అరచేతిలో పెట్టాడు. లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి నాలుగు చుక్కలు చిలకరించాడు. "ఉండండి" అన్నాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత టప్పుమని ఒక కాయ పేలింది. వెంటనే ఇంకొకటి. గింజలు ఎగిరి ఒకటి నా చెంపకి గట్టిగా తగిలింది. నేను ఉలిక్కిపడ్డాను. మేస్త్రి ఊపిరి అందనంతగా నవ్వాడు.

"అదిగో, ఆమె కోప్పడింది మీ మీద. ఆ మాత్రం కోప్పడకపోతే ఎట్టా! అయిపోయింది ఇంక, లెయ్యండి" అన్నాడు.

ఆ సాయంత్రం మేమిద్దరం కంకులు పట్టుకుని పెట్టె పెట్టెకీ తిరిగాం. వంగలో, మిరపలో, తోటకూరలో, ఎక్కడపడితే అక్కడ నీళ్లు చిలకరించి పేలనిచ్చాం. బజార్లో అమ్మే ఢిల్లీ రకానికి గింజ కట్టదట, నాటుదానికే ఈ విద్య ఉందట. వానలు పడ్డాక ఆ వాకిట్లో కనకాంబరం లేని పెట్టె లేదు. ఆమె నాటినప్పుడు ఒక్క పెట్టెలోనే ఉండేది.

ఆయన నన్ను మళ్లీ నమ్మాడు. ఈమధ్య ఆయాసం ఎక్కువై కూతురు తీసుకెళ్లడానికి వస్తే, తాళం చెవి నా చేతిలోనే పెట్టాడు. ఆటోలో కూర్చుని, మాట మాటకీ ఆగుతూ, "కలిపే పొయ్యండి అయ్యోరా" అన్నాడు. అంతే. మళ్లీ వస్తే పచ్చగా చూపించాలని నేను రెండు పూటలా పోశాను. ఒక్క ఆకు వాడనివ్వలేదు. చూపించడానికి ఆయన రాలేదు.

ట్యాంకరు వెళ్లిపోయాక ఆ ఉదయం కూడా నీళ్లు పోశాను. పోసే ముందు ఎండు కంకులు తుంచి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎందుకో అప్పటికి నాకే తెలియదు. సాయంత్రం నమాజు అయ్యాక అందరితో పాటు నేనూ ఖబరస్తాన్‌కి నడిచాను. ఆయన మొక్కలకి నీళ్లు పోసే పాత నూనెడబ్బా, మూతకి ఆయనే చిల్లులు పెట్టుకున్నది, నీలం డ్రమ్ములోంచి నింపి పట్టుకెళ్లాను. మట్టి ఇచ్చిన తర్వాత, అంటే గొయ్యి పూడ్చాక, పైన నీళ్లు చల్లుతారు. అక్కడి బోరులోవి ఉప్పునీళ్లు. ఆ మనిషి జీవితంలో దేనిమీదా ఉప్పునీళ్లు పోసి ఎరగడు.

ఆమె పక్కనే ఆయనకి చోటు దొరికింది. అందరిలాగే నేనూ మూడు గుప్పిళ్ల మట్టి వేశాను. జేబులో కంకులు తీసి, ఇవి పెట్టొచ్చా అని ఆయన అల్లుణ్ణి అడిగాను. అతను వాటిని గుర్తుపట్టాడు. "మామ ప్రతి శుక్రారం తెచ్చేది ఈ చెట్టు పూలే కదా సార్. పెట్టండి. నీళ్లు కూడా మీరే పొయ్యండి" అన్నాడు.

కొన్ని ఆయన మీద పెట్టాను, కొన్ని ఆమె మీద. డబ్బా వంచాను. సముద్రపు గాలికి ధార పక్కకి వాలి ఇద్దరి మీదా పడింది. విడదీయలేదు మేస్త్రీ అని లోపల అనుకున్నాను. ఆరోజు అడగలేకపోయిన క్షమాపణ కూడా అడిగాను. ఇసక నీళ్లు పీల్చేసుకుంది. జనం కదలబోతుండగా టప్పుమంది. మళ్లీ టప్పుమంది. వెళ్లేవాళ్లు ఆగి వెనక్కి తిరిగారు. ఒక గింజ వచ్చి నా చెంపకి తగిలింది. ఇద్దరిలో ఎవరి దగ్గర్నించి వచ్చిందో తెలియలేదు.