అరవై ఇళ్ళ మంచి జవాబులు

మా వదినకి ప్రశ్నలంటే ప్రాణం. కొత్తకోడలిగా మా ఇంట్లో అడుగుపెట్టిన రోజే, "మరిదిగారూ, ఈ తలుపుకి నూనె వేసి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. అలాంటి మనిషికి ప్రశ్నలడిగే ఉద్యోగమే దొరికింది.

మా వీధి పిల్లలకి వాంతులు, విరేచనాలు ఎందుకు ఎక్కువవుతున్నాయో తేల్చాలని ఒక పరిశోధన సంస్థ వాళ్ళు అరవై ఇళ్ళలో సర్వే పెట్టారు. కుట్టుమిషను తొక్కే మా వదినని పనిలోకి తీసుకున్నారు. అందరి కొలతలూ తెలిసిన మనిషి మొహం మీద ఎవరూ తలుపు వెయ్యరని వాళ్ళ లెక్క. ఇంటికి పందొమ్మిది ప్రశ్నలు. వారం తిరక్కుండా ఆవిడ పేరు ప్రశ్నలమ్మ అయిపోయింది.

నేను వేళాకోళం చేసేవాణ్ణి కానీ, ఆవిడకి ఆ పని మీద అంత పట్టుదల ఎందుకో నాకు తెలుసు. మా కింది వాటాలో ఇస్త్రీ చేసే ఆవిడ కూతురికి నాలుగేళ్ళు. ఆ ఏడాది రెండుసార్లు ఆ పిల్లకి సెలైన్ ఎక్కించారు. రెండోసారి దాన్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది వదినే.

నెల తర్వాత, ఆ పరిశోధనకి పెద్ద అయిన డాక్టరమ్మ వదినని పిలిచింది.

"పన్నెండో ప్రశ్న, నెలనెలా నీళ్ళ ట్యాంకు కడుగుతారా? అరవై ఇళ్ళూ అవునన్నాయి. నేనే మా ఇంట్లో కడగనమ్మా. నిజం చెప్పు, ఈ కాగితాలు ఇంట్లో కూర్చుని నింపేశావా?"

"లేదు మేడమ్. ప్రతి గుమ్మం తొక్కాను."

"అయితే వాళ్ళే అబద్ధం చెబుతున్నారు. ట్యాంకులన్నీ అద్దాల్లా ఉన్నాయని కాగితం చెబుతుంటే, నీళ్ళు పరీక్ష చెయ్యమని నేనెలా అడగను? పది రోజులు చూస్తాను. ఆ తర్వాత మీ వీధిని వదిలేసి ఇంకోటి చూసుకుంటాం."

వదిన మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. ఆ పూట ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు భయమేసింది.

మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. మొదటి ఇల్లు రిటైరైన లెక్కల మాస్టారిది. ట్యాంకు జవాబు సంగతి వదిన అడగ్గానే ఆయన గర్వంగా గుట్టు విప్పాడు.

"మొదటి వారం మీ సూపర్‌వైజరు నీ పక్కన కూర్చుని ఎర్ర సిరాతో టిక్కులు పెట్టాడా లేదా?"

"పెట్టాడు. నేను ఖాళీలేమైనా వదిలేశానేమోనని చూశాడు."

"నలభై ఏళ్ళు పేపర్లు దిద్దినవాణ్ణి, నాకు తెలీదా? అది నీకు పరీక్ష. అందుకే వీధంతా తిరిగి చెప్పాను. మన పిల్ల ఫెయిల్ కాకూడదు, అన్నిటికీ మంచి జవాబే చెప్పండి అని."

వదిన నవ్వాలో ఏడవాలో తెలియక మెట్టు మీద కూలబడింది. "నన్ను పాస్ చేయించారు సరే మాస్టారూ, మా కింది వాటా చంటిదాని సంగతేంటి?"

ఆ సాయంత్రమే వీధివాళ్ళని మా మేడ మీదికి రమ్మంది. నిజమైన అవును ఎలా ఉంటుందో చూపిస్తానంది. "మా ఇంట్లో ట్యాంకు కడిగే వంతు మా మరిదిది. నెలనెలా అడుగుతాను, కడిగానంటాడు. చూడండి" అంటూ మూత తీసింది.

లోపల చేతి మందాన నాచు. ఒక చచ్చిన బల్లి కూడా.

అందరూ నా వైపు తిరిగారు. ఏడాదిగా నేను చీపురు పట్టుకుని మేడెక్కి, పేపరు చదువుకుని దిగుతున్నాను. ఆ మాటే ఒప్పుకున్నాను. ఆ నీళ్ళే కింది వాటాకీ వెళ్తాయని అప్పుడు గుర్తొచ్చింది. ఇస్త్రీ ఆవిడ ట్యాంకులోకి తొంగిచూసి, కూతుర్ని దగ్గరికి లాక్కుంది. నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

వదిన సంచిలోంచి మా ఇంటి కాగితం తీసి, అవును కొట్టేసి, లేదు అని రాసింది. "మా ఇంటి జవాబే అబద్ధం. ఇక మీ ఇష్టం."

మాస్టారు ముందుకొచ్చాడు. "మాది కూడా లేదనే రాసుకోమ్మా." ఆయన నోరు విప్పాక మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. మొత్తం యాభై రెండు లేదులు తేలాయి.

అన్ని లేదులు చూసి డాక్టరమ్మ సంతోషించింది. నీళ్ళు పరీక్ష చేయించింది. పిల్లల్ని మంచాన పడేస్తున్న క్రిములే సగానికి పైగా ట్యాంకుల్లో దొరికాయి. వీధంతా బ్రష్షులు పట్టింది. మాస్టారికి తనిఖీ పని అప్పగించారు. ఆయన ప్రతి నెలా మేడలెక్కి, కడిగిన ట్యాంకు మీద ఎర్ర సిరాతో తేదీ వేస్తున్నాడు. నన్నైతే రెండుసార్లు మళ్ళీ కడగమన్నాడు.

ఆర్నెల్లకి రెండో విడత సర్వే వచ్చింది. వదిన కింది వాటాలో కూర్చుని చివరి ప్రశ్న దాకా వచ్చింది.

"ఈ ఆర్నెల్లలో పిల్లకి విరేచనాలయ్యాయా?"

"లేదు."

వదిన పెన్ను ఆగింది. "నా మార్కుల కోసం చెప్పకు."

ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కూతుర్ని పిలిచింది. "దాన్నే అడుగు."

ఆ పిల్ల వచ్చి, సెలైన్ సూది గుచ్చిన చెయ్యి చాపింది. "మచ్చ పోయింది, చూడు."

వదిన ఆ చెయ్యి వదలకుండానే లేదు అని రాసింది. కన్నీళ్ళు పడి సిరా అలుక్కుపోతే, అదే మాట మళ్ళీ రాసింది.