గేరు తీసినా ఆగని అరుపు

మొన్న మదనపల్లెలో మనవడి కారు గరగరమంటుంటే, షెడ్డువాళ్లు దాన్ని కంప్యూటరుకు తగిలించి, లోపమేమీ కనిపించడం లేదని చెప్పి, ఒకసారి నడిపి వినండయ్యా అన్న నాకు కుర్చీ చూపించారు. ఆ కుర్చీలో కూర్చుని ఒళ్లు మండిపోతుండగా, ఎనభైల మొదట్లో మా బావ నడిపిన లారీ గుర్తొచ్చింది.

అది మిలిటరీవాళ్లు వేలం వేసిన, నాలుగు చక్రాలూ లాగే పాత బండి; కుప్పం దిక్కు గనుల నుంచి రాళ్లు తెచ్చేది. దాని యజమాని పుంగనూరు రైతు, నిన్నమొన్నటి వరకూ ఎద్దుల బండ్లు తోలించినవాడు. ముందువైపు ఇనుము నమిలినట్టు శబ్దం మొదలైతే, చదువుకున్న మేస్త్రి గేరుబాక్సు పోయిందన్నాడు; అది బావ మొరటుతనమేనని యజమాని ఆయన్ను పనిలోంచి తీసేశాడు. అక్క ఏడుస్తూ కబురు పెడితే, ఐదో తరగతితో బడి మానేసి, పంపుసెట్లు విప్పి విప్పి పని నేర్చిన నేను వెళ్లి, బావ చేతే ఒక్కసారి నడిపించమన్నాను.

“గేర్లు నమిలేసి, ఇప్పుడు బామ్మర్దిని తెచ్చి పంచాయితీ పెడతాండావా?” అన్నాడు యజమాని బావతో.

“ఐదో తరగతి చెవులు కదప్పా, ఏమైనా ఇనపడతాయి,” అన్నాడు మేస్త్రి.

వాళ్లిద్దరూ బావ పక్కన కూర్చుంటే, నేను ఎడమవైపు ఫుట్‌బోర్డు మీద వేలాడాను. మదనపల్లె రోడ్డు దిగుడులో గేరు తీయించి, బండిని ఊరికే దొర్లనిమ్మన్నాను. అరుపు ఆగలేదు. బండిని ఎడమకు మళ్లిస్తే తగ్గింది. కుడికి మళ్లిస్తే నా ముందున్న చక్రం పళ్లు కొరికింది, కాలిన వాసన ముక్కుకు కొట్టింది.

“గేరు తీసినా అరుస్తాండాది, సూడప్పా. ఈడ చక్రంలో బేరింగు పోయుండాది. నిలుపు బావా, ఊడొస్తాది.”

బావా నేనూ చక్రం విప్పితే బేరింగు పొడిపొడిగా రాలింది. చుట్టూ ఉన్నది గ్రీజు కాదు. ఆముదంలో గడ్డి మసి కలిపి ఎద్దుల బండి ఇరుసుకు పూసే కందెన. మేస్త్రి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. యజమాని కాసింత వేలితో తీసి వాసన చూశాడు.

“నేనే పెట్టినా. బండి శానా దినాలు నిలబడుండాదే, మంచిదనుకుంటి,” అన్నాడు మెల్లగా.

తర్వాత లారీలోని చెంబుతో రోడ్డు పక్క కాలవలో నీళ్లు ముంచి, వంగి, మా బావ చేతుల మీద పోశాడు. మసి వదిలేదాకా పోస్తూనే ఉండి, రేపు లోడుంది, పొద్దున్నే రమ్మన్నాడు.

తప్పయిందని ఒక్క మాట అనలేదే అని నాకు ఏళ్ల తరబడి కోపం. ఇప్పుడు సారీ అనని నోరు లేదు. తన పొరపాటు తెలిశాక డ్రైవరు ముందు వంగిన నడుమును మాత్రం నేను మళ్లీ చూడలేదు.